లంబసింగికి మోటారు సైకిలు మీద వెళుతున్నారా?

శీతకాలం మధ్యాహ్నం విశాఖపట్నంలో బయలుదేరితే నర్సీపట్నం దాకా మైదానమే. లోపలి నూలు బనీను చెమటకు తడిసిపోతుంది. ఆపైన ఘాట్ రోడ్డు. ప్రతి 1000 మీటర్ల ఎత్తుకూ సుమారు 6 డిగ్రీల వేడి తగ్గుతుంది. తడి బనీను, ఎదురుగాలి కలిసి ఒంట్లో వేడిని లాగేస్తాయి. ఒకసారి పైన స్వెట్టరున్నా నా వేళ్ళు కొంకర్లుపోయి, బ్రేకు పట్టు చిక్కలేదు.

అందుకే ఒంటికి అంటుకుని ఉండే, త్వరగా ఆరే పాలియెస్టరు బనీను గానీ, తడిసినా వెచ్చదనం పోని సన్నని ఉన్ని బనీను గానీ తొడగండి. డ్రాయరు తొడల దాకా ఉండాలి. కూర్చునే చోట లావు కుట్లుంటే ఒరుసుకుని పుండ్లు పడతాయి; తడి నిలిస్తే గజ్జల్లో తామర పట్టుకుంటుంది.

ఇవేవీ లేవా? నర్సీపట్నంలో ఆగి పొడి బనీను మార్చుకోండి. టీ ఆ తర్వాతే!