గూడూరులో కాలయంత్రం

చెన్నై నుంచి విజయవాడ వైపు వచ్చేవారికి గూడూరు జంక్షను పరిచయమే. రేణిగుంట లైను యిక్కడే చీలుతుంది. స్టేషను దాటి వూళ్ళోకి వస్తే నిమ్మకాయల వ్యాపారం కనిపిస్తుంది. చుట్టుపట్ల అభ్రకం గనులున్నాయి. వెనకటి రేడియో వాల్వుల లోపలి భాగాలను కదలకుండా పట్టి వుంచింది అభ్రకపు రేకులే. 2022లో మా వూరిని నెల్లూరు జిల్లా నుంచి తిరుపతి జిల్లాకు మార్చారు. మా మాట మాత్రం నెల్లూరుదే.

మా మిద్దెకు ఆగ్నేయాన శ్రీహరికోట. 1971 అక్టోబరు 9న అక్కడ తొలి రోహిణి రాకెట్టు యెగిరింది. మబ్బు లేని రోజయితే యిక్కడికి పొగచార కనిపిస్తుంది. 2023 జులై 14న చంద్రయాన్-3 బయలుదేరినప్పుడు వీధి వీధంతా మిద్దెలెక్కింది.

తెలుగు ఎం.ఏ. చదివి పోతనను బోధించే నాకు యీ రాకెట్ల పిచ్చి యేమిటని మా యింటావిడ వేళాకోళం చేస్తుంది. యేం చెప్పను? 1991లో, పిల్లవాణ్ణిగా, ‘ఆదిత్య 369’ చూశాను. అందులో కాలయంత్రం మనుషులను రాయలవారి కాలానికీ, 2504 సంవత్సరానికీ తీసుకుపోతుంది. 1895లోనే వెల్సు రాసిన ‘టైం మెషీన్’ తర్వాత చదివాను. అప్పటినుంచి భవిష్యత్తంటే నాకు భయం లేదనుకునేవాణ్ణి.

ఆ గర్వం మొన్న భంగమయింది. విండోస్ 10కు 2025 అక్టోబరు 14తో మామూలు మద్దతు ముగిసింది. మా పాత కంప్యూటరులో కొత్తది పట్టదన్నారు. నా శిష్యుడొకడు వచ్చి లినక్సు పెట్టి వెళ్ళాడు. మర్నాడు చూస్తే తెరమీద ఒక్క బొమ్మ లేదు. మూలనున్న మీట లేదు. 1981లో జిరాక్సు స్టార్ యంత్రం తెరను రాతబల్లలా మార్చి దస్త్రాలను బొమ్మలుగా పరిచింది. అటువంటి బల్లకు అలవాటుపడిన నా చెయ్యి, వూరికే యెడమ మూలకే పోతున్నది. మూడు రోజులు యిల్లంతా వినబడేటట్టు విసుక్కున్నాను. 2504లోకి వెళ్ళగలిగిన మనసు, ఒక మీట నాలుగంగుళాలు జరిగితే తట్టుకోలేకపోయింది!

వారం తర్వాత మెల్బోర్నునుంచి మా చెల్లెలు నాకు ఫోను చేసింది. “అన్నయ్యా, అమ్మకు వొంట్లో బాగాలేదా? వారమయింది మాట్లాడి.”

నా గుండె ఝల్లుమన్నది. నాన్నగారు పోయిన తర్వాత అమ్మకు సాయంత్రాలు అదే ఆసరా. పాత తెరమీద యెడమ మూల చెల్లెలి ఫోటో పెట్టి, అది నొక్కితే చాలునని నేర్పాను. యిప్పుడా ఫోటో లేదు.

“యెందుకు చెప్పలేదమ్మా?” అన్నాను.

“నేనే యేదో నొక్కి చెడగొట్టినా అనుకున్యా అబ్బయా. నువ్వు చూస్తే కోపంగా వుండావు. అడగలా,” అన్నది అమ్మ.

నా విసుగు యెవరి వొళ్ళో పడిందో అప్పుడు తెలిసింది.

సాయంత్రం శిష్యుణ్ణి పిలిచాను. “లినక్సులో ఒకే యంత్రానికి రకరకాల తెర అమరికలుంటాయి సార్, కావలసింది యెంచుకోవచ్చు,” అంటూ ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలికపాటి అమరిక పెట్టాడు. చెల్లెలి ఫోటో మళ్ళీ యెడమ మూలకు వచ్చింది. అమ్మ నొక్కింది, చెల్లెలు పలికింది.

“యిన్నాళ్ళూ యేమయిపోయావమ్మా?”

“దోవ మారింది పాపా, తెలియలా,” అన్నది అమ్మ నవ్వుతూ.

ఆమె అంతటితో వూరుకోలేదు. “మళ్ళీ మార్తే యెట్టా వెతుక్కోవాలో అది గూడా నేర్పు,” అని నోటుపుస్తకం తెచ్చుకున్నది. రోజూ పది నిమిషాలు కూర్చుంటున్నాం. వెతికే గడిలో చెల్లెలి పేరు అక్షరం అక్షరంగా కొట్టడం ఆమెకు వచ్చేసింది.

నేను నా మటుకు కొత్త అమరికనే వుంచుకున్నాను. చెయ్యి యింకా అప్పుడప్పుడు పాత మూలకు పోతుంది. విసుక్కోబోయి, పక్కగదిలో అమ్మ వున్నదని గుర్తు చేసుకుంటాను.