తువ్వాలు నడిపిన కారు

కర్నూలు జిల్లాలో కృష్ణగిరి అనే ఊరున్నది. అక్కడినుంచి పడమటి దిక్కుగా పోతే ఎమ్మిగనూరు, దానిని దాటితే ఆదోని వస్తాయి. ఈ దారిన నేను చాలాసార్లు ప్రయాణం చేశాను. కాని 1974 మే నెలలో చేసిన ప్రయాణం మాత్రం ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు ఉన్నది. అప్పుడు నాకు పదేళ్లు.

మా అవ్వకు రెండు కళ్లలోనూ శుక్లాలు వచ్చాయి. ఎదుట నిలబడిన మనిషిని గొంతును బట్టి పోల్చుకునేది. ఆదోనిలో ఆపరేషను చేస్తామన్నారు. కాని సాయంత్రం నాలుగు గంటల లోపల ఆసుపత్రిలో చేరాలి. ఆ రోజు తప్పితే ఇంకో నెల ఆగాలి. అందుచేత పెదనాన్న అవ్వనూ నన్నూ తన పాత కారులో ఎక్కించుకుని పొద్దున్నే బయలుదేరాడు.

దారి పొడుగునా నల్లరేగడి పొలాలే. ఎండాకాలంలో ఆ నేల నా చెయ్యి దూరేటంతగా బీటలు వారుతుంది. వాన పడిందంటే అదే నేల బంకలా మారి కాలి చెప్పులు ఊడలాగుతుంది. అది తేమను చాలాకాలం పట్టి ఉంచుతుంది. అందుకే అక్కడ పత్తి బాగా పండుతుంది. రైతులు పత్తిని ఆదోని మార్కెట్టుకు తోలుకుపోతారు. అక్కడి మిల్లులలో గింజను, దూదిని వేరు చేస్తారు.

ఎమ్మిగనూరు మగ్గాల ఊరు. 1938లో మాచాని సోమప్పగారు అక్కడి నేతపనివారికి సహకార సంఘం స్థాపించారు. 1954లో ప్రభుత్వం ఆయనకు పద్మశ్రీ ఇచ్చింది. ఆ ఊళ్లో మేము ఉగ్గాని, బజ్జీలు తిన్నాము. పెదనాన్న అవ్వకు ఒక చేనేత తువ్వాలు కొన్నాడు. అవ్వ దానిని వేళ్లతో తడిమి చూసింది.

"నేత గట్టిగా ఉన్నదిరా. అంచు ఏ రంగు?" అని అడిగింది.

"ఎరుపు, అవ్వా," అన్నాను.

ఎమ్మిగనూరునుంచి ఆదోనికి సుమారు 30 కిలోమీటర్లు. సగం దూరం పోయేసరికి ఎండ మండిపోతున్నది. ఒక వేపచెట్టు కింద కారు ఆపి జొన్నరొట్టెలు తిన్నాము. కూజాలో నీళ్లు అయిపోయాయి. అవ్వ మరచెంబులో మాత్రం కాసిని మిగిలాయి. తిరిగి బయలుదేరబోతే కారు కదలలేదు. ఇంజను గిరగిర తిరుగుతున్నది గాని అంటుకోవడం లేదు.

దగ్గరలో ఊరు లేదు. తుంగభద్ర కాలువ ఆ పక్కలకు వస్తుంది గాని, అప్పుడు దానిలో చుక్క నీరు లేదు. గొర్రెలు తోలుకుపోతున్న ఒకతను ఆగి, "తోద్దాం పట్టండి, సామీ!" అన్నాడు.

"ఇంజనులో నీళ్లు తగ్గాయేమో! మరచెంబులోవి పోద్దాము," అన్నాను నేను.

పెదనాన్న తల అడ్డంగా ఆడించాడు. "ఉన్నవి ఈ నీళ్లే. అవ్వకు దాహమైతే ఏమి చేస్తాము? రోగమేదో తెలియకుండా మందు పోయకూడదు. ముందు కనుక్కుందాము," అన్నాడు.

ఆయన నాకు ఇట్లా చెప్పాడు: "స్టార్టరు ఇంజనును తిప్పాలి. ఇంజనుకు గాలి, పెట్రోలు కలిసి అందాలి. వాటిని మండించడానికి నిప్పురవ్వ పుట్టాలి. వీటిలో ఏది లోపించినా కారు కదలదు. ఒక్కొక్కటే చూద్దాము."

హారను నొక్కితే గట్టిగా మోగింది. స్టార్టరు కూడా చురుకుగా తిప్పుతున్నది. కనుక బ్యాటరీలో లోపం లేదు. గాలి జల్లెడ తీసి దులిపాడు. దుమ్ము రాలింది గాని అది మూసుకుపోలేదు.

తరువాత ప్లగ్గు తీగ ఊడదీసి, పొడిగుడ్డతో పట్టుకుని, దాని కొనను ఇంజను ఇనుముకు దగ్గరగా ఉంచాడు. గొర్రెలతనిచేత తాళంచెవి తిప్పించాడు. టపటపమని నీలిరంగు రవ్వలు ఎగిరాయి. రవ్వ కూడా ఉన్నది!

"పెట్రోలు గొట్టం విప్పకముందే ఈ పరీక్ష చెయ్యాలి. పెట్రోలు కారేచోట రవ్వ పుడితే కారూ దక్కదు, మనమూ దక్కము," అన్నాడు. ఆ తరువాతనే, రవ్వ పుట్టకుండా మరొక తీగ పీకి, కార్బ్యురేటరు దగ్గర గొట్టం విప్పి డబ్బా పట్టాడు. ఇంజను తిప్పితే పెట్రోలుకు బదులు నాలుగు బుడగలు వచ్చాయి. ట్యాంకులో పుల్ల పెట్టి చూస్తే సగందాకా పెట్రోలు ఉన్నది.

పెదనాన్న పెట్రోలు పంపును వేలితో తాకి చటుక్కున చెయ్యి తీశాడు. "దొరికింది దొంగ!" అన్నాడు.

ఆ కారులో పంపు ఇంజను పక్కనే ఉన్నది. నీరు మరగడానికి 100 డిగ్రీల వేడి కావాలి. పెట్రోలులోని తేలిక భాగం సుమారు 40 డిగ్రీలకే ఆవిరి కాసాగుతుంది. కారు పరుగెత్తేటప్పుడు గాలి వీస్తుంది, చల్లని పెట్రోలు పారుతూ ఉంటుంది. ఆగినప్పుడు ఆ రెండూ ఉండవు. ఇంజను వేడంతా పంపుకు ఎక్కి, లోపలి పెట్రోలు ఆవిరి అవుతుంది. పంపు ద్రవాన్ని తోయగలదు గాని ఆవిరిని తోయలేదు.

పెదనాన్న గొట్టం, తీగలు మళ్లీ బిగించాడు. అప్పుడు అవ్వ మరచెంబూ, కొత్త తువ్వాలూ కలిపి ఇచ్చింది. "నా దాహానికేమి, ఆదోనిలో తీర్చుకుంటాను," అన్నది.

వేడి లోహం మీద ఒక్కసారిగా నీళ్లు పోస్తే పగలవచ్చు. అందుచేత పెదనాన్న తువ్వాలును తడిపి, తీగలకు తగలకుండా పంపుకు చుట్టాడు. ఆరినప్పుడల్లా కొద్దికొద్దిగా తడిపాడు. తడిగుడ్డలోని నీరు ఆవిరి అవుతూ వేడిని తీసుకుపోతుంది. మట్టికుండలో నీళ్లు చల్లబడేదీ ఇందుకే. పావుగంట గడిచాక తాళంచెవి తిప్పాడు. ఇంజను రెండుసార్లు దగ్గి, ఆపైన బుర్రుమన్నది! గొర్రెలతను చప్పట్లు కొట్టాడు. మరచెంబు అడుగున రెండు గుక్కలు మిగిలితే అవి అవ్వకే ఇచ్చాము.

మూడున్నరకు ఆసుపత్రి చేరాము. అవ్వ అక్కడ ఉన్న రోజులలో నేను ఆదోని కొండమీది కోటనూ, బిజాపూరు సుల్తానుల తరఫున ఆ ఊరిని పాలించిన సిద్ది మసూద్ ఖాన్ 17వ శతాబ్దంలో కట్టించిన జామియా మసీదునూ చూశాను.

నేటి కార్లలో పంపు సాధారణంగా ట్యాంకులోనే ఉండి పెట్రోలును గట్టి ఒత్తిడితో పంపుతుంది. కనుక ఈ చిక్కు చాలా అరుదు. కృష్ణగిరి పక్కలకూ ఇప్పుడు హంద్రీ-నీవా కాలువ నీళ్లు వస్తున్నవి. కాని, పిల్లలూ, రోగం తెలుసుకున్నాకే మందు వెయ్యాలన్న మాట పాతబడలేదు. అయితే ఈ పరీక్షలు పెద్దవాళ్లు చెయ్యవలసినవే. మీరు పక్కన నిలబడి చూడండి.

కొన్నాళ్లకు కట్టు విప్పి అవ్వకు కళ్లద్దాలు ఇచ్చారు. ఆమె మొదట తువ్వాలు అడిగి తీసుకుని, కళ్లదగ్గర పెట్టుకుని చూసింది.

"ఎరుపే! కాని ఈ నల్లమరక ఎక్కడిదిరా?" అన్నది.

"అది కారు పెట్టిన బొట్టు, అవ్వా!" అన్నాను.