దాచుకున్న నొప్పి

"నీ పైత్యం వదిలిందటగా!" అని హాస్టల్లో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. పిత్తాశయం తీసేసి అప్పటికి రెండు నెలలు. పొట్టమీద నాలుగు చిన్న గాట్లేగా, ఇంకా ఏమిటీ నీరసం అంటారేమోనని బాధ పైకి చెప్పలేదు. మెస్సులో పూరీలు తిన్నరోజల్లా కుడి డొక్కలో పోటు. రెండో అంతస్తు ఎక్కేసరికి కాళ్ళు వణికేవి.

మళ్ళీ చూపించుకుంటే డాక్టరుగారు అన్నారు: "పైత్యరసం తయారయ్యేది కాలేయంలో అబ్బాయ్. పిత్తాశయం దాన్ని దాచిపెట్టే సంచీ మాత్రమే. ఇప్పుడా రసం తిన్నగా పేగులోకి జారుతుంది. నూనె తగ్గించి, కొంచెం కొంచెంగా నాలుగైదుసార్లు తిను. జ్వరమో, కామెర్లో కనిపిస్తే మాత్రం వెంటనే రా."

ఆ రాత్రి రూమ్మేటుకి నిజం చెప్పేశాను. మర్నాటినుంచీ నా పుస్తకాలు వాడే మోశాడు, నాతోపాటు మెట్టుమెట్టుకీ ఆగుతూ. మిత్రులారా, దాచిపెట్టే సంచీ ఎలాగూ పోయింది. నొప్పి దాచుకునే బుద్ధి కూడా పోతే బావుండును!