షన్ ఒక్కటే, స్పెల్లింగులు రెండు



మాది వేములపల్లి. సాగర్ ఎడమ కాలువ కింద నాట్లకు, కోతలకు కూలికి వెళ్ళే కుటుంబం. మా ఇంట్లో డిగ్రీ పాసైన మొదటివాణ్ణి నేనే. ఇప్పుడు పీజీ చదువుతున్నాను. ఈ సంచికకు ఏం రాయాలా అని ఆలోచిస్తే, నన్ను చాలా ఏడిపించిన ఒక చిన్న శబ్దం గుర్తొచ్చింది. అదే 'షన్'.

ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు అక్క పెళ్ళికి సెలవు కావాలని ఇంగ్లీషులో లెటర్ రాశాను. 'పర్మిషన్' చివర టి-ఐ-ఓ-ఎన్ పెట్టాను. ఆ లెటర్ క్లాసులో పైకి చదివారు. అందరూ నవ్వారు. నన్ను తీసుకుపోవడానికి వచ్చిన నాయిన గుమ్మం బయట నిలబడి విన్నాడు. బస్సెక్కాక "ఏం తప్పు రాసినవ్ బిడ్డా?" అని అడిగాడు. నాయినకు చదువు రాదు. "ఏం లేదు నాయినా" అన్నాను.

ఆ తర్వాత ఇంగ్లీషులో రాయాలంటేనే భయం. తొమ్మిదో తరగతిలో వ్యాసరచన పోటీకి వ్యాసం రాసి కూడా ఇవ్వలేదు. 'డిస్కషన్' స్పెల్లింగు అనుమానం వచ్చి, కాగితాన్ని ట్రంకు పెట్టెలో దాచేశాను. గడువు అయిపోయాక ఇంటర్ చదివే ఒక అన్న దాన్ని చూసి, "చివర చూస్తే తెలియదురా, మూలం చూడు" అన్నాడు.

క్రియ చివర డబుల్ ఎస్ ఉంటే దానికి ఐ-ఓ-ఎన్ చేర్చాలి. డిస్కస్ నుండి డిస్కషన్, ఎక్స్‌ప్రెస్ నుండి ఎక్స్‌ప్రెషన్. చివర 'మిట్' ఉంటే టి పోయి డబుల్ ఎస్ వస్తుంది. అడ్మిట్, పర్మిట్, సబ్మిట్ అన్నీ అంతే. డి-ఇ తో ముగిసే డిసైడ్, డివైడ్ వంటి వాటికి ఒకే ఎస్. ఎడ్యుకేట్, సెలెక్ట్ వంటి వాటికి టి-ఐ-ఓ-ఎన్. తప్పించుకునేవీ ఉన్నాయి. ఎక్స్‌టెండ్‌కు ఎస్ వస్తే, అటెండ్ నుండి వచ్చే అటెన్షన్‌కు మాత్రం టి. ఇలాంటివి విడిగా గుర్తుపెట్టుకోవాలి.

ఈ తేడాలు లాటిన్ నుండి, ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చాయి. పలుకు ఒక్కటైనా రాత పాత రూపాన్ని వదల్లేదు. మనం మాత్రం శ, ష ఒకేలా పలికి రాతలో తడబడటం లేదా? అది తెలివి తక్కువై కాదు కదా!

పీజీ దరఖాస్తు నింపేటప్పుడు నాయిన పక్కనే కూర్చున్నాడు. ఆనాడు బస్సులో చెప్పని తప్పు అప్పుడు చెప్పాను. అన్నీ విని "విత్తు తెలిస్తే పంట తెలుస్తదన్నట్టు. గిది ఆ రోజే చెప్తే అయిపోవు గదరా" అన్నాడు.

తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా! తప్పు స్పెల్లింగు వల్ల నాకు పోయింది ఒకటి రెండు మార్కులే. పెట్టెలో దాచిన వ్యాసం వల్ల పోటీయే పోయింది. అనుమానం వస్తే మూలం చూడండి, డిక్షనరీ చూడండి, అన్నలను, అక్కలను అడగండి. కాగితం మాత్రం ఇచ్చేయండి.