మిసిసిపి పుట్టిన చోట మనిషి చేయి

అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రం ఉత్తర భాగంలో, ఇటాస్కా సరస్సు చివర ఒక రాళ్ల వరుస ఉంది. సరస్సు నీళ్లు ఆ రాళ్ల సందుల్లోంచి జారి అవతల మోకాలి లోతు వాగై పారతాయి. ఆ వాగే మిసిసిపి. పక్కన నిలబెట్టిన పెద్ద దుంగ మీద పసుపు అక్షరాలు చెక్కి ఉన్నాయి. సముద్రమట్టానికి 1475 అడుగుల ఎత్తున ఇక్కడ మొదలైన నది 2552 మైళ్లు పారి మెక్సికో సింధుశాఖలో కలుస్తుందని ఆ రాత చెబుతుంది. ఇక్కడ బయలుదేరిన నీటిబొట్టు సముద్రం చేరడానికి సుమారు 90 రోజులు పడుతుందంటారు. పిల్లలు రాళ్ల మీద అడుగులేసుకుంటూ నదిని దాటుతుంటారు, పెద్దలు ఫోటోలు తీస్తుంటారు. భూమి పుట్టినప్పటి నుంచి ఈ చోటు ఇలాగే ఉందని వచ్చినవాళ్లలో చాలామంది నమ్ముతారు. అది నిజం కాదు. 1930ల దాకా ఇక్కడున్నది బురద నేల, అందులో దారీ తెన్నూ లేకుండా పాకే సన్నటి ధార. ఆర్థిక మాంద్యం రోజుల్లో సివిలియన్ కన్సర్వేషన్ కోర్ అనే ప్రభుత్వ పని దళం యువకులు ఆ బురదను పూడ్చి, ధారకు కొత్త కాలువ తవ్వి, రాళ్లు పేర్చారు. ఆ రాళ్ల వరుస కింద ఉన్నది చిన్న ఆనకట్ట. ఈ సంగతి తెలిశాక పార్కులో ఏది చూసినా నాకు దాని వెనక మనిషి చేయి కనిపించింది. ఇటాస్కా ఈ రోజు ఇలా నిలబడి ఉందంటే, ముట్టుకోకుండా వదిలేసినందుకు కాదు. నూటముప్పై ఏళ్లకు పైగా ఎవరో ఒకరు దాని బాగు చూస్తూ వచ్చినందుకు.

అసలు ఇది నది పుట్టిన చోటు అన్నదే మనుషులు చేసిన తీర్మానం. 1832లో ఒజావిండిబ్ అనే ఒజిబ్వే ఆదివాసీ నాయకుడు దారి చూపగా అన్వేషకుడు హెన్రీ స్కూల్‌క్రాఫ్ట్ ఈ సరస్సు చేరాడు. ఒజిబ్వేలు దీన్ని ఎల్క్ జింకల సరస్సు అని పిలుచుకునేవారు. స్కూల్‌క్రాఫ్ట్ ఆ పేరు పక్కన పెట్టి, సత్యం, శిరస్సు అనే అర్థాలున్న వెరిటాస్, కాపుట్ అన్న రెండు లాటిన్ మాటలు కలిపి, మొదలూ చివరా కత్తిరించి ఇటాస్కా అని పెట్టాడు. నాలుగేళ్ల తర్వాత జోసెఫ్ నికొలెట్ వచ్చి ఈ సరస్సులోకి కూడా వాగులు వచ్చి పడుతున్నాయని పటం గీశాడు. 1881లో విలార్డ్ గ్లేజియర్ అసలు మూలం పక్క సరస్సేనంటూ దానికి తన పేరే పెట్టుకున్నాడు. ఆ తగవు తేల్చడానికి 1880ల చివర సర్వే చేసిన జేకబ్ బ్రోవర్ ఇటాస్కా వైపే తేల్చి చెప్పారు. అంతటితో ఊరుకోకుండా, చుట్టూ ఉన్న పైన్ అడవి కలప కంపెనీల పాలవుతోందని చూసి పార్కు కోసం పోరాడారు. 1891 ఏప్రిల్ 20న చట్టం వచ్చింది. అది గట్టెక్కింది ఒక్క ఓటు తేడాతో. మిన్నెసోటాలో ఇదే మొదటి స్టేట్ పార్కు. ఆ ఒక్క ఓటు అటు పడి ఉంటే ఇవాళ ఇక్కడ చూడటానికి మొద్దులు తప్ప ఏం మిగిలేవి?

చట్టం వచ్చినంత మాత్రాన అడవి దక్కలేదు. పార్కు గీత లోపలి నేల చాలావరకు కలప కంపెనీల, రైల్వే కంపెనీల చేతుల్లోనే ఉండిపోయింది. చెట్టు కొట్టడం దాదాపు 1920 దాకా సాగింది. 1903లో పార్కు కమిషనర్‌గా ఉన్న తండ్రి చనిపోతే మేరీ గిబ్స్ ఆ పదవిలోకి వచ్చారు. అప్పుడామె వయసు 24. దుంగలను నీటి మీద తేల్చి పంపడానికి సరస్సు వాకిట్లో కలప కంపెనీ ఆనకట్ట కట్టింది. నీళ్లు పెరిగి ఒడ్డున ఉన్న చెట్ల మొదళ్లు మునగసాగాయి. ఆమె వెళ్లి తూము తలుపులు ఎత్తమన్నారు. ఎదురుగా తుపాకీ చూపించి బెదిరించినా వెనక్కి తగ్గలేదు. కొద్ది నెలలకే ఆ పదవి వదిలేశారు గానీ, నది దగ్గరి సందర్శకుల కేంద్రానికి నేడు ఆమె పేరే ఉంది. ఒకే వాకిట్లో రెండు ఆనకట్టల కథ ఇది. ఒకటి అడవిని మోసుకుపోవడానికి కట్టింది, రెండోది బురదలో చెదిరిపోతున్న వాగుకు ఒక దారి చూపడానికి కట్టింది. రెండూ మనిషి కట్టినవే కదా అని ఒకే గాటన కట్టేస్తే ఇటాస్కా చరిత్ర అర్థం కాదు.

ఇక్కడ ఒక అభ్యంతరం రావడం సహజం. కట్టిన మూలం మూలమెలా అవుతుంది, పర్యాటకుల కోసం తీర్చిన రంగస్థలం కాదా అని. గోదావరి పుట్టిన త్ర్యంబకంలో, కృష్ణ పుట్టిన మహాబలేశ్వరంలో గోవు నోటి నుంచి ధార పడేలా రాతిని మలిచినప్పుడు నది అబద్ధమైపోయిందని మనం అనుకోలేదు. చెరువుల కింద బతికిన తెలుగువాళ్లకు ఈ సంగతి ఇంకా బాగా తెలుసు. పాకాల చెరువు 13వ శతాబ్దంలో గణపతిదేవుని కాలంలో కట్టింది. ఇప్పుడు దాని చుట్టూ ఉన్నది వన్యప్రాణుల అభయారణ్యం. మనుషులు కట్టారని పాకాల నీళ్లలో దిగే కొంగలు తక్కువ కొంగలు కావు. కట్ట తెగకుండా, తూము పూడకుండా చూసే నీరటి ఉన్నన్నాళ్లే చెరువు చెరువుగా ఉండేది. ఇటాస్కా చెరువు కాదు, మంచుయుగం వదిలి వెళ్లిన సరస్సు. అయినా దాని వాకిలి గురించి అడగాల్సిన ప్రశ్న ఒకటే: ఆ పని నీటికీ నేలకూ మేలు చేసిందా, కీడు చేసిందా?

రెండో అభ్యంతరం బలమైనది. వాగు సంగతి సరే, అడవినైనా దాని మానాన దాన్ని వదిలేయొచ్చు కదా? దీనికి జవాబు సరస్సు తూర్పు ఒడ్డున ప్రీచర్స్ గ్రోవ్ అనే తోపులో దొరుకుతుంది. అక్కడి ఎర్ర పైన్ చెట్ల వయసు 250 ఏళ్లు దాటింది. బెరడు పలకలు పలకలుగా, ఇటుక రంగులో ఉంటుంది. కొమ్మలన్నీ పైనే. తలెత్తితే తప్ప ఆకు కనపడదు. తల దించితే మాత్రం ఆ జాతి పిల్లమొక్కలు వెతికినా దొరకడం కష్టం. ఎర్ర పైన్ గింజ మొలవాలంటే చెత్తలేని మట్టి కావాలి, పైనుంచి ఎండ పడాలి. ఆ రెండూ ఇచ్చేది అడవి మంట. పొదలు కాలిపోతాయి, మందపాటి బెరడున్న పెద్దచెట్టు తట్టుకుంటుంది, బయటపడిన మట్టిలో గింజ మొలుస్తుంది. అడవిని కాపాడుతున్నామన్న నమ్మకంతోనే మనుషులు దశాబ్దాల పాటు ప్రతి మంటనూ ఆర్పేశారు. వేట నిషేధించడంతో జింకలు లెక్కకు మించి పెరిగి, మొలిచిన కాసిని మొక్కలనూ కొరికేశాయి. చివరికి 1940లలో జింకల వేటకు అనుమతి ఇవ్వక తప్పలేదు. ఈమధ్య కాలంలో సిబ్బందే గాలి, తేమ లెక్క చూసుకుని నిప్పు పెడుతున్నారు. తెల్ల పైన్ మొక్కలకైతే శరదృతువులో ఇంకో పని ఉంటుంది. చిటారు మొగ్గ చుట్టూ చిన్న కాగితం ముక్క మడిచి స్టేప్లర్‌తో బిగిస్తారు. మంచు కాలంలో ఆకలిగొన్న జింక ఆ మొగ్గను కొరకకుండా. మొక్క జింక అందని ఎత్తుకు ఎదిగేదాకా ఏటా ఒక్కో మొగ్గకూ చేత్తో తొడగాల్సిందే. రెండు వందల ఏళ్లు బతకాల్సిన చెట్టుకు ఒక కాగితం టోపీ! పైన్ అడవిని వదిలేస్తే అది అడవిగానే ఉంటుంది, పైన్ అడవిగా ఉండదు. పార్కులో 2000 ఎకరాలను పరిశోధన కోసం ప్రత్యేక అభయారణ్యంగా వేరు చేసి ఉంచారు. అది మంచి పనే. కానీ ఆ గీత గీసిందీ, కాస్తున్నదీ మనుషులే.

మూడో ప్రశ్నను నేను అభ్యంతరం అనను, బాకీ అంటాను. ఈ నేల అమెరికా ప్రభుత్వంతో కుదిరిన 1855 ఒప్పందంతో ఒజిబ్వేల చేతిలోంచి పోయింది. తర్వాత 36 ఏళ్లకు పార్కు వచ్చింది. ఎవరి నుంచి తీసుకుని ఎవరి కోసం కాపాడినట్టు? మనిషి చేయి అంటే బ్రోవర్‌తో మొదలైందని చెప్పడం తప్పు. 1937లో రోడ్డు పనిలో ఇక్కడ బయటపడిన ఎముకలు 8000 ఏళ్ల కిందట మనుషులు వేటాడిన బైసన్‌లవని తవ్వకాల్లో తేలింది. సరస్సు ఒడ్డున పూర్వుల సమాధి దిబ్బలున్నాయి. ఉత్తర మిన్నెసోటా పైన్ అడవుల్లో బ్లూబెర్రీ పొదల కోసం ఒజిబ్వేలు నేలకు నిప్పు పెట్టేవారు. ఇప్పుడు సిబ్బంది కొత్తగా నేర్చుకుని చేస్తున్నది ఆ పాత పనే. దుంగ మీది రాతలో ఒజావిండిబ్ పేరుకూ, సరస్సు పాత పేరుకూ చోటు లేదు. ఉండాలి.

ఇక వెళ్లి చూడాలనుకునేవాళ్ల సంగతి. పార్కు విస్తీర్ణం 32 వేల ఎకరాలు దాటుతుంది. లోపల వందకు పైగా సరస్సులు, సుమారు 49 మైళ్ల కాలిబాటలు ఉన్నాయి. కార్లో వెళ్లి గుడారం వేసుకునే చోట్లు రెండు వందలు దాటుతాయి. నడిచి మాత్రమే చేరగల స్థలాలు కొన్ని ఉన్నాయి, నిశ్శబ్దం కావాలంటే అవే మేలు. మినియాపొలిస్ నుంచి నాలుగు గంటల దారి కాబట్టి అక్కడి తెలుగు కుటుంబాలకు ఇది వారాంతపు ప్రయాణమే. వెళ్లేవాళ్లకు నా మనవి రెండు ముక్కలు. చలిమంటకు ఇంటి నుంచి కట్టెలు మోసుకెళ్లకండి. వాటిలో దాగిన పురుగు అడవికి అంటుకుంటుంది, అందుకే ఆమోదం లేని బయటి కట్టెలకు అనుమతి లేదు. రెండోది, రాళ్ల మీద ఫోటో దిగి వెనక్కి తిరగకండి. 1905లో కట్టిన డగ్లస్ లాడ్జ్ దగ్గర మొదలయ్యే డాక్టర్ రాబర్ట్స్ బాట రెండు మైళ్లే. ఆ దారిలో 1934లో ఆ కన్సర్వేషన్ కోర్ యువకులే కట్టిన ఓల్డ్ టైమర్స్ క్యాబిన్ వస్తుంది. దాని గోడ దగ్గర నిలబడి దుంగలు లెక్కపెట్టండి. గోడ ఎత్తుకు నాలుగే దుంగలు సరిపోయాయి.