మూడు జెండాలు, ఒక మడి

ఈ సంచికకు ఏదైనా రాయమని సంపాదకవర్గంలోని మిత్రుడు అడిగితే, "ప్రాక్టికల్ రికార్డు తప్ప ఇంకేదీ రాసిన పాపాన పోలేదు, నన్ను వదిలెయ్" అన్నాను. "పోయిన యేడు మీటింగుల్లో అడిగావు చూడు, ఆ ప్రశ్నలే రాయి" అన్నాడు నవ్వుతూ. ఆ నవ్వు వెనక ఏముందో హాస్టల్లో అందరికీ తెలుసు. ఒకే సంవత్సరంలో ఒక పక్షం వాళ్ళు నన్ను ఫాసిస్టు అన్నారు, ఇంకో పక్షం వాళ్ళు దేశద్రోహి అన్నారు. రెండు బిరుదులూ ఒక్కడికే ఎలా దక్కాయి? ఆ సందేహం తీర్చుకోవడానికే ఈ నాలుగు మాటలు.

ముందు నా సంగతి చెప్పాలి. మాది సూర్యాపేట వైపు పల్లెటూరు. సాగర్ ఎడమ కాలువ కింద మూడెకరాల వరి. మా ముత్తాత 1946–51 నాటి సాయుధ పోరాటంలో గుత్పల సంఘంలో తిరిగినవాడు. దొర గడిలో వెట్టి చేసిన చేతులతోనే గుత్ప పట్టానని చనిపోయేదాకా చెప్పుకునేవాడట. ఆ అభిమానంతోనే తన చిన్న మనవడికి స్టాలిన్ అని పేరు పెట్టాడు. ఆయనే మా చిన్నాయన. మా జిల్లాలో ఇది వింతేమీ కాదు. లెనిన్లూ స్టాలిన్లూ ట్రాక్టర్లు నడుపుతూ, మందుకొట్టే పంపులు భుజాన వేసుకుని గట్ల మీద కనబడుతూనే ఉంటారు. కాబట్టి ఎర్రజెండా అంటే మా ఇంట్లో రాజకీయం కాదు, తాతల నాటి చుట్టం.

ఇక బి.ఎస్సీ.లో చేరాక వృక్షశాస్త్రంలో ఒక పాఠం వచ్చింది. పంటమొక్కలు మొదట ఏ ప్రాంతాల్లో పుట్టాయో గుర్తించిన శాస్త్రవేత్త వావిలోవ్ అని రెండు వాక్యాలు. పరీక్షకు ఆ రెండు చాలు. నాకెందుకో చాలలేదు. లైబ్రరీలో వెదికాను.

నికొలాయ్ వావిలోవ్ రష్యావాడు. దేశదేశాలు తిరిగి లక్షలాది విత్తనాల నమూనాలు పోగుచేసి లెనిన్‌గ్రాడ్‌లో భద్రపరిచాడు. కరువు లేని లోకం కోసం ఆ పని మొదలుపెట్టాడు, సోవియట్ ప్రభుత్వం కోసమే పనిచేశాడు. అదే కాలంలో లైసెంకో అనే ఆయన బయలుదేరాడు. మెండెల్ చెప్పిందీ, జన్యువులూ అన్నీ బూర్జువా కట్టుకథలన్నాడు. విత్తనాన్ని తడిపి చలికి ఉంచి దాని స్వభావాన్నే మార్చేస్తానన్నాడు. ఏళ్ళు పట్టే పనిని రెండు మూడేళ్ళలో చేసిపెడతానన్నవాడి మాట ఏలికకు తీపిగానే ఉంటుంది. స్టాలిన్ అతని వైపు మొగ్గాడు. 1940 ఆగస్టులో, మొక్కల సేకరణకు వెళ్ళినచోటే వావిలోవ్‌ను అరెస్టు చేశారు. 1943 జనవరిలో సరాతోవ్ జైల్లో, తిండి లేక చిక్కి శల్యమై చనిపోయాడు. లోకానికి అన్నం పెట్టాలనుకున్నవాడి చావు అది. హిట్లర్ సైన్యం లెనిన్‌గ్రాడ్‌ను చుట్టుముట్టినప్పుడు ఆయన సంస్థలోని ఉద్యోగులు కొందరు ఆకలితో ప్రాణాలు వదిలారు కాని విత్తనాల జోలికి పోలేదు. వాళ్ళలో ఒకాయన వరి విత్తనాలు చూసేవాడు. వడ్ల సంచుల మధ్యనే కన్నుమూశాడు.

ఇది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మర్నాడు ఆదివారం స్టడీ సర్కిల్లో లేచి, "అన్నా, వావిలోవ్ సంగతేమిటి? 1948లో లైసెంకో తన నివేదికను కేంద్ర కమిటీ ఆమోదించిందని సభలో ప్రకటిస్తే, మొక్కల సంగతి పార్టీ కమిటీకేం తెలుసు?" అని అడిగాను. నిజంగా తెలుసుకోవాలనే అడిగాను. నా రూమ్మేటే ఆ సర్కిల్‌కు బాధ్యుడు. వాడి ముఖం మాడిపోయింది. ఇదంతా ఫాసిస్టుల ప్రచారమని సీనియర్ ఒకాయన తేల్చేశాడు. రాత్రికల్లా నన్ను వాట్సాప్ గ్రూపులోంచి తీసేశారు. ఒకే గదిలో ఉంటూ మేమిద్దరం అప్పటినుంచి, "తాళం ఎక్కడ పెట్టావ్" అన్నంతవరకే మాట్లాడుకుంటున్నాం.

ఈ వార్త రెండో పక్షానికి చేరింది. "తమ్ముడూ, నీలాంటివాళ్ళే కావాలి, మా వేదిక మీదికి వచ్చి కమ్యూనిస్టుల పాపాలు చెప్పు" అని టీ తాగించారు. వెళ్ళాను. వావిలోవ్ కథ చెప్పాను, చప్పట్లు కొట్టారు. అక్కడితో ఆపి దిగి ఉంటే నాకు దండ పడేది. నేను ఆపలేదు. 1933 ఏప్రిల్‌లో హిట్లర్ ప్రభుత్వం చట్టం చేసి యూదు ఆచార్యులను కొలువుల్లోంచి తీసేసిందనీ, లెనార్డ్, స్టార్క్ అనే ఇద్దరు నోబెల్ గ్రహీతలే ఐన్‌స్టీన్ సిద్ధాంతాన్ని యూదు భౌతికశాస్త్రమని వెలివేయబోయారనీ చెప్పాను. అక్కడ బూర్జువా జన్యువు, ఇక్కడ యూదు సాపేక్షత. విత్తనానికి వర్గం ఉంటుందా, సమీకరణానికి కులం ఉంటుందా అని అడిగాను. జాతి పేరు చెప్పి శాస్త్రం నోరు నొక్కడం ఏ దేశంలోనైనా తప్పేనని కూడా అన్నాను. ఈసారి చప్పట్లు లేవు. దేశద్రోహి అన్న మాట ఆ సాయంత్రానిదే.

రెండు పక్షాలూ వదిలేశాక మూడో మిత్రుడు దొరికాడు. చదువుకున్నవాడు, మంచివాడు. "జెండాల గోల నీకెందుకురా? మనం అభ్యుదయవాదులం. శాస్త్రం ఏం చెబితే ప్రభుత్వం అది చెయ్యాలి, అంతే" అన్నాడు. ఆ మాట నాకూ నచ్చింది. కాని జన్యుశాస్త్రం పుస్తకంలోనే ఇంకో గోతిలో పడ్డాను. దాని పేరు యూజెనిక్స్, అంటే మనుషుల్లో మేలు జాతిని పెంచాలనే ఆలోచన. మొదట దీన్ని తలకెత్తుకున్నవాళ్ళు నాజీలు కారు. అమెరికాలో ఆనాటి అభ్యుదయవాదులు చాలామంది, విశ్వవిద్యాలయాల పెద్దలు, సంస్కర్తలు దీన్ని నమ్మారు. మందబుద్ధులని ముద్రవేసినవాళ్ళకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసే చట్టం 1907లో ఇండియానా రాష్ట్రం మొదట చేసింది. 1927లో అక్కడి సుప్రీంకోర్టు 8–1 తేడాతో అలాంటి చట్టం సబబేనంది. 1933 జులైలో నాజీలు తెచ్చిన చట్టానికి అమెరికావారి నమూనా చట్టం ఒక ఆధారం. ఆ నాజీ చట్టం కింద సుమారు 4 లక్షల మందికి బలవంతపు ఆపరేషన్లు చేశారు. పేదవాడి సంక్షేమానికి పేరుపడిన స్వీడన్ కూడా 1934లో ఇలాంటి చట్టమే చేసుకుంది. 1975 దాకా అక్కడ 60 వేలకు పైగా ఆపరేషన్లు జరిగాయి. అవన్నీ బలవంతపువి కావు కాని, చాలామందికి వద్దనే వీలు లేకపోయింది. చట్టం చేసినవాళ్ళు దుర్మార్గులేమీ కారు. మేలు చేస్తున్నామనే అనుకున్నారు.

సెలవులకు ఇంటికి పోయినప్పుడు ఇదంతా నాయనమ్మకు చెప్పాను. ఆమె బియ్యం చెరుగుతూ విని, "గిదేం కొత్త? మీ తాత కందిచేన్ల పండుకోలేదా?" అంది. ఎమర్జెన్సీ నాటి ముచ్చట. 1976. ఆమెకు కొత్తగా పెండ్లయింది, ఇంకా పిల్లల్లేరు. జీపు వస్తోందని పుకారు పుడితే చాలు, మగవాళ్ళంతా చేలల్లోకి ఉరికేవాళ్ళట. మా తాత రెండు రాత్రులు కందిచేనులో పడుకున్నాడట. మా ఊళ్ళో ఎవరినీ పట్టుకుపోలేదు, కాని ఆ భయం ఆమె గొంతులో ఇప్పటికీ ఉంది. 1976–77 ఒక్క సంవత్సరంలోనే దేశంలో 80 లక్షలకు పైగా ఆపరేషన్లు జరిగాయి. పేదరికం పోగొట్టాలనే పేరుతోనే జరిగాయి. మన రాజ్యాంగ పీఠికలో సామ్యవాద అనే మాట చేర్చింది కూడా ఆ 1976లోనే.

మిత్రులారా, ఇంతకూ నేను మూడింటినీ ఒకే గాటన కట్టడం లేదు. అలా కట్టేవాళ్ళను నేనూ ఒప్పుకోను. హిట్లర్ పార్టీ పేరులో సోషలిస్టు అనే మాట ఉంది కాబట్టి అదీ ఇదీ ఒకటేనని కొందరు సులువుగా తేల్చేస్తారు. 1933 మార్చిలో డాఖౌ నిర్బంధ శిబిరం తెరిచినప్పుడు అందులోకి మొదట తోసింది కమ్యూనిస్టులనే, ఆ తర్వాత సోషల్ డెమోక్రాట్లను. మనుషులంతా సమానమన్నవాడూ, జాతిని బట్టి మనిషన్నవాడూ ఒకటి కారు. మా ముత్తాత గుత్ప పట్టింది సమానమన్న మాట కోసం. దాన్ని నేను కాదనలేను.

అయినా చుట్టరికం లేకపోలేదు. ముస్సోలినీ 1914 దాకా ఇటలీ సోషలిస్టు పార్టీ పత్రికకు సంపాదకుడు. యుద్ధాన్ని సమర్థించి బహిష్కృతుడయ్యాడు, 1919లో ఫాసిస్టు జెండా ఎత్తాడు. సిద్ధాంతం వదిలేశాడు కాని, జనాన్ని ముద్ద చేసి పిసకవచ్చనే నమ్మకం వదల్లేదు. నాకు తోచిన చుట్టరికం ఇదే. రేపు ఎలా ఉండాలో మాకు ముందే తెలుసనుకోవడం ఒకటి. ఆ రేపటి కోసం నేటి మనుషులను మడిలో మట్టిలా చూడటం రెండోది. సందేహం అడిగినవాణ్ణి శత్రువనడం మూడోది. ఈ మూడూ ఎర్రజెండా కింద మొలిచాయి, నల్లచొక్కా కింద మొలిచాయి, తెల్లకోటు కింద కూడా మొలిచాయి. తేడా ఎక్కడ కనబడిందంటే, తప్పని చెప్పే నోరు మిగిలినచోట. స్వీడన్‌లో 1997లో పత్రికలు ఈ సంగతి బయటపెడితే 1999లో ప్రభుత్వం పరిహారం ఇచ్చింది. మన దేశంలో 1977 మార్చిలో జనం ఓటుతో బుద్ధి చెప్పారు. వావిలోవ్‌కు మాత్రం నిర్దోషి అన్న మాట చనిపోయిన పన్నెండేళ్ళకు, 1955లో వచ్చింది.

ఒకరినొకరు ఫాసిస్టు అనుకోవడం వల్ల ఏమవుతుందో కూడా చరిత్రలో ఉంది. 1928 నుంచి కొన్నేళ్ళపాటు మాస్కో మాట మీద జర్మన్ కమ్యూనిస్టులు సోషల్ డెమోక్రాట్లను సామాజిక ఫాసిస్టులని తిట్టారు. 1932 నవంబరు ఎన్నికల్లో ఆ రెండు పార్టీల ఓట్లూ కలిపితే నాజీల ఓట్లకన్నా ఎక్కువే. కలవలేదు. మూడు నెలలు తిరక్కుండానే హిట్లర్ గద్దెనెక్కాడు. మా గదిలో తాళం మాట తప్ప మరో మాట లేనప్పుడల్లా నాకిది గుర్తొస్తుంది.

చివరికి నేను భయపడిన పని చిన్నాయనకు చెప్పడం. నాట్లు పడుతున్నాయి. మా నాయిన రెండు మీటర్లకొకటి చొప్పున, తూర్పు పడమరలుగా జానెడు బాట వదిలి నాటు వేయిస్తున్నాడు. గట్టు మీద కూర్చుని చిన్నాయనకు అంతా చెప్పాను. ఒకే జాతి మొక్కలు ఒకదానితో ఒకటి పోటీ పడవని లైసెంకో చెప్పడం, 1958లో చైనాలో వరిని కిక్కిరిసి నాటించడం, పండని పంటను పండిందని లెక్కలు రాసి, ఆ లెక్క ప్రకారం రైతుల గింజలు లాక్కుపోవడం, ఆ కరువులో కోటిన్నర నుంచి నాలుగున్నర కోట్ల దాకా చచ్చారని అంచనాలుండడం, అన్నీ.

చిన్నాయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "కిక్కిరిసి నాటేస్తే సుడిదోమ పడి పండుకుంటది గదరా. గాలాడాలె, ఎండ తగలాలె. గా ముచ్చట అక్కడి రైతులకు తెల్వదా?" అన్నాడు.

"తెలుసు చిన్నాయనా. చెప్పనియ్యలేదు."

బురద కాళ్ళు కాలువలో ఆడిస్తూ, "అయితే నా పేరు మార్చుకోమంటవా?" అని అడిగాడు. కోపం లేదు, నవ్వూ లేదు. నాకు గొంతు పట్టేసింది. వద్దన్నాను. "తాత పెట్టిండు. ఆయనకు వెట్టి పోయుడే తెలుసు, జైలు సంగతి ఎవ్వరు జెప్పలే" అన్నాడు. లేచి రెండడుగులు వేసి మళ్ళీ వెనక్కి తిరిగి, "గా ఇత్తనాలాయన పేరేందన్నవు?" అన్నాడు.

"వావిలోవ్."

రెండుసార్లు పలికి చూసుకుని, నారుకట్ట భుజానికెత్తుకుని మడిలోకి దిగాడు.

ఈ సంచిక రాగానే ఒక ప్రతి నా రూమ్మేట్ మంచం మీద పెడదామనుకుంటున్నాను. వాడు చదివి కోప్పడినా సరే. కోప్పడాలంటే మాట్లాడాలి కదా.