చేతులెత్తి పిలిచారు

మా అబ్బాయి ఉండేది అమెరికాలోని యూటా రాష్ట్రంలో, లీహై అనే ఊళ్లో. సాల్ట్‌లేక్ సిటీకి దక్షిణాన సుమారు అరగంట ప్రయాణం. ఒకవైపు వాసాచ్ కొండలు, మార్చిలో కూడా వాటి తలల మీద మంచు. ఇంకోవైపు యూటా సరస్సు. మధ్యలో సాఫ్ట్‌వేర్ కంపెనీల అద్దాల మేడలు. పిల్లలు ఆఫీసుకు వెళ్తే నేనూ మా ఆవిడా కిటికీ దగ్గర కాపలా. అలా ఉండగా ఓ శనివారం పొద్దున ఎదురింటి ముందు పెద్ద ట్రక్కు ఆగింది.

దాని వెనకే వచ్చిన కారులోంచి రిటైరైన దంపతులు దిగారు. చక్రాల కుర్చీలో ఎనభై ఏడేళ్ల పెద్దావిడను దించారు. పది నిమిషాలు కాలేదు, వీధిలోంచి పదిహేనుమంది గ్లవ్స్ తొడుక్కుని వచ్చేశారు. సోఫాలు, మంచాలు, ఫ్రిజ్... గంటన్నరలో ట్రక్కు ఖాళీ. చుట్టాలు కాబోలనుకున్నాను. ‘‘కాదు నాన్నా, వీళ్లెవరో వాళ్లకు తెలీదు. వార్డు వాళ్లు’’ అన్నాడు మా అబ్బాయి.

వార్డు అంటే మునిసిపాలిటీ వార్డు అనుకునేరు! మోర్మన్ల స్థానిక సంఘాన్ని అలా అంటారు. ఆ పేరు వద్దు, ‘ద చర్చ్ ఆఫ్ జీసస్ క్రైస్ట్ ఆఫ్ లాటర్-డే సెయింట్స్’ అని పూర్తిగా పిలవమని 2018 నుంచి వాళ్లే గట్టిగా కోరుతున్నారు కానీ, జనం నోట పాతపేరే నానుతోంది. ఏ ఇంటివాళ్లు ఏ వార్డుకు వెళ్లాలన్నది చిరునామాను బట్టి ఉంటుంది. నచ్చిన చోటు వెతుక్కునే పని లేదు. పెద్దగా ఉండే బిషప్‌కు జీతం ఉండదు. ఈ వార్డు బిషప్ మామూలు రోజుల్లో పళ్ల డాక్టరు. అన్నట్టు, మన దేశంలో వీళ్ల మొదటి ‘స్టేక్’ (కొన్ని సంఘాల కూటమి) 2012లో ఏర్పడింది మన హైదరాబాద్‌లోనే.

1846లో ఇల్లినాయ్ నుంచి వెళ్లగొడితే బళ్లు కట్టుకుని బయల్దేరి, 1847 జులైలో బ్రిగమ్ యంగ్ వెంట ఈ లోయలో దిగారు వీళ్ల పూర్వీకులు. సాల్ట్‌లేక్‌లోని పెద్ద టెంపుల్‌ను 1853లో మొదలుపెట్టి నలభై ఏళ్లు కట్టారు. సామాన్లు దించడం రక్తంలోనే ఉందేమో!

టెంపుల్స్‌లోకి బయటివాళ్లను రానివ్వరు. ఆదివారం ప్రార్థనలకు మాత్రం ఎవరైనా వెళ్లొచ్చు. ఎదురింటివాళ్లు పిలిస్తే మేమూ వెళ్లాం. గోడమీద శిలువ లేదు. మడత తలుపు వెనక బాస్కెట్‌బాల్ కోర్టు ఉంది! ఒకాయన కొత్తగా వచ్చిన ముగ్గురి పేర్లూ చదివి, వీళ్లను ఆహ్వానించేవాళ్లు చేతులెత్తమన్నాడు. హాలంతా చేతులు లేచాయి. పక్కవాళ్లను చూసి మేమూ ఎత్తేశాం. తర్వాత పన్నెండేళ్ల పిల్లలు రొట్టె ముక్కలు, చిన్న చిన్న కప్పుల్లో మంచినీళ్లు పంచారు. పెద్దావిడ చెయ్యి వణికింది. ఆ కుర్రాడు పళ్లెం పట్టుకుని వంగి, ఆవిడ కప్పు అందుకునేదాకా కదల్లేదు.

నిజానికి ఆవిడకు ఇక్కడికి రావడం ఇష్టం లేదు. కాలిఫోర్నియాలో ఒకే ఊళ్లో యాభై ఏళ్లు బతికారు. భర్త సమాధి అక్కడే ఉంది. అక్కడి వార్డులో ఆర్గన్ వాయించేవారట, ఇప్పుడు వేళ్లు సాగవు. కొడుకూ కోడలూ రిటైరయ్యాక దేశం చుట్టిరావాలనుకుని, ఈవిడ కోసం మానుకున్నారు. ఆ సంగతి ఆవిడకూ తెలుసు. ‘‘అందరూ మంచివాళ్లే. కానీ చంటిపిల్లతో మాట్లాడినట్టు మాట్లాడతారు’’ అని మా ఆవిడతో అన్నారు.

మూడు వారాల తర్వాత మళ్లీ వెళ్లాం. అక్కడ ప్రతివారికీ ఏదో ఒక బాధ్యత అప్పగిస్తారు. కొడుక్కి పిల్లలకు పాఠాలు చెప్పే పని వచ్చింది. తర్వాత పెద్దావిడ పేరు చదివారు. వార్డులోని ఆడవాళ్లందరి పుట్టినరోజులకూ కార్డులు రాయాలట. సమ్మతమైతే చేతులెత్తండి అన్నారు. మళ్లీ అన్ని చేతులూ! వణికే చేత్తో రాతపని ఏమిటని నాకు అనుమానమొచ్చింది. ఆవిడ మాత్రం ఆ సాయంత్రమే కోడల్ని కార్డులు కొనడానికి దుకాణానికి తరిమారు. మా కోడలికి వచ్చిన కార్డులో అక్షరాలు చీమల బారులా ఉన్నాయి. మా కోడలు ఆ చర్చి మనిషి కాదు, లెక్కప్రకారం జాబితాలోనే లేదు.

అంతా తీపే అనను. మా వీధి చివరాయన చర్చికి వెళ్లడం మానేశాడు. అందరూ ఒకరికొకరు ఉండే ఊళ్లో ఒక్కడివే ఉంటే మరీ ఒంటరిగా ఉంటుందన్నాడు. అదీ నిజమే.

ఆ రాత్రి గుడివాడకు ఫోన్ చేశాను. మా అమ్మ తమ్ముడి దగ్గర ఉంటోంది. ఎదురింటి పెద్దావిడ సంగతంతా చెప్పాను. ‘‘ఇంతకీ ఆవిడకేం పని చెప్పార్రా?’’ అని అడిగింది. కార్డుల సంగతి చెప్పాను. కాసేపు మాట్లాడలేదు.

‘‘మీరు నన్ను ఆవకాయ జాడీ కూడా ముట్టుకోనివ్వరు కదరా’’ అంది.